అవ్వకు మిగిలిన ఇంగ్లీషు

పోయిన నెలలో ఒక ఆదివారం ఆక్లాండ్‌లోని బోటనీ డౌన్స్‌లో మా తమ్ముడు మోహన్ ఇంటికి భోజనానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాడి పిల్లలిద్దరూ బల్ల దగ్గర కూర్చుని పొట్టచెక్కలయ్యేలా నవ్వుతున్నారు. బడిలో టీచరు ఏదో పాత ఇంగ్లీషు కథ చదివి వినిపించిందట. అందులోని తిట్లు వీళ్ళకు భలే నచ్చాయి. ఇప్పుడెవరూ వాడని మాటలు. ఎన్ని ఉన్నా అన్నిటికీ అర్థం ఒక్కటే, తెలివితక్కువ మనిషి అని. "యూ నింకంపూప్" అని అక్క అంటే "యూ క్లాట్" అని తమ్ముడు, నోట్లో ముద్ద ఉండగానే ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. మా మరదలు హైదరాబాదు పిల్ల. "డఫర్ తప్ప ఇవేవీ నేను వినలేదు వదినా, ఎక్కడ దొరికాయో వీళ్ళకి" అని తనూ నవ్వింది. మోహన్ మాత్రం నవ్వలేదు. పప్పు గరిటె అలాగే పట్టుకుని నా వైపు తిరిగి, "అక్కా, ఇవి అవ్వ మాటలు కదా" అన్నాడు. అవ్వ పడిపోయిన ఆ చలికాలం వాడికి ఆరేళ్ళు. వాడికి గుర్తుంటాయని నేను అనుకోలేదు.

హెండర్సన్‌లోని మా ఇంటికి తిరిగి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నంతసేపూ ఆ చలికాలమే కళ్ళ ముందు కదిలింది. నాయన పోయి చాలాకాలమైంది. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ రోజు ఆసుపత్రి గదిలో ఉన్న మా ఇంటివాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ చిన్నాయనా మాత్రమే. చిన్నాయనకు ఈ మధ్య మతిమరుపు. ఇక నేనే రాసి పెట్టాలి.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఫిజీలో పుట్టింది. వాళ్ళ అమ్మానాయనలు చెరకు తోటల్లో పనికని ఓడెక్కి వచ్చినవాళ్ళు. తల్లి చిన్నతనంలోనే పోతే, ఒంటరి పిల్లను పొలం దగ్గర వదలలేక, చక్కెర మిల్లు దొర బంగళాలో పనికి పెట్టారు. ఆ దొరసాని ఇంగ్లండు నుంచి వచ్చిన మనిషి. అవ్వకు వచ్చిన ఇంగ్లీషంతా ఆమె దగ్గర నేర్చిందే, అంటే ఆమె తిట్టగా తిట్టగా వంటబట్టిందే. గ్లాసు చేయి జారినా, జారేటట్టు బల్ల అంచున పెట్టినా క్లాట్. అమ్మ గుర్తొచ్చి ఏడిస్తే నిన్నీ. ఒకటి తెమ్మంటే ఇంకొకటి తెస్తే నింకంపూప్. చెమ్చాలు తప్పు లెక్కపెడితే డఫర్. ఈ మాటల అర్థం అవ్వకు ఎవరూ చెప్పలేదు. ఏ మాట ఎప్పుడు పడుతుందో మాత్రం పొరపాటు లేకుండా తెలుసు. "కొట్టేదా అవ్వా?" అని నేనొకసారి అడిగాను. "చెయ్యి ఎత్తలేదమ్మా. నోరే" అంది. తర్వాత తనే, "నా పేరు మటుకు ఆమెకు నోరు తిరగలా" అంది. పెళ్ళి చేసుకుని ఆ బంగళా విడిచిపెట్టినా మాటలు ఆమెతోనే వచ్చేశాయి. పిల్లల్ని, పిల్లల పిల్లల్ని వాటితోనే పిలిచింది, వాటితోనే పెంచింది. మాకు ఆ మాటలు తిట్లలా ఎప్పుడూ అనిపించలేదు. నేను ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేదాన్ని కాబట్టి నేను నిన్నీని. మోహన్ పాలు ఒలకబోసేవాడు కాబట్టి వాడు క్లాట్.

ఫిజీలో గొడవలయ్యాక మేము సామాను సర్దుకుని ఆక్లాండ్ వచ్చేశాం. హెండర్సన్‌లో చెక్క ఇల్లు, గోడల సందుల్లోంచి చలిగాలి, నేల మీది కార్పెట్‌కు ఎప్పుడూ ముక్కిన వాసన. ఆ ఇంట్లో వెచ్చగా ఉండేది ఒక్కటే చోటు, వేడినీళ్ళ సిలిండర్ ఉండే అల్మారా. మిగతా ఇళ్ళవాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరేసుకునేవారు. అవ్వ దోసెల పిండి పెట్టేది. తెల్లారి ఆ తలుపు తీస్తే పులిసిన పిండి వాసన నడవ అంతా కమ్ముకునేది. కరివేపాకు ఎక్కడా దొరకని రోజులవి. ఎవరో ఇచ్చిన మొక్కను అవ్వ కుండీలో పెట్టి ఎండ ఏ కిటికీలో పడితే ఆ కిటికీకి మోస్తూ తిరిగేది. నాయన ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. అమ్మ కుట్టుపని ఫ్యాక్టరీలో పగలు. అమ్మ కుట్టు చూసి, వరసలో కుట్టే ఆడవాళ్ళందరి మీదా ఆమెను పెద్దగా పెడతామని ఫ్యాక్టరీవాళ్ళు అనడం అప్పుడే మొదలైంది. వంటా పిల్లలూ అవ్వ పని. నాయన పొద్దున వచ్చి పడుకుంటే మేము పిల్లుల్లా నడవాలి. అవ్వ గరిటె చప్పుడు కూడా కానిచ్చేది కాదు.

అందుకే ఆ రోజు పొద్దున గరిటె కిందపడిన చప్పుడు అంత గట్టిగా వినిపించింది. నేను బడికి జడ వేసుకుంటున్నాను. నాయన లేస్తాడేమోనన్న భయంతోనే వంటగదిలోకి పరుగెత్తాను. అవ్వ పొయ్యి ముందు నిలబడి తన కుడిచేతిని చూసుకుంటోంది, అది ఎవరిదో అన్నట్టు. పెనం మీద దోసె అంచులు నల్లబడుతున్నాయి. "ఏందవ్వా?" అన్నాను. ఆమె నోరు ఒక పక్కకు లాగింది. ఏదో చెప్పబోయింది, రాలేదు. మళ్ళీ చేతి వైపు చూసి "నింకంపూప్" అంది. ఆ చేతినే అంది. తర్వాత ఒక కాలు మడిచినట్టు అలా బల్ల మీదికి ఒరిగిపోయింది. నేను పట్టుకున్నాను గానీ ఆపలేకపోయాను. నా కేకకు నాయన లేచొచ్చి, ఆమెను ఒళ్ళోకి తీసుకుని, "పొయ్యి ఆపు, ఫోన్ చెయ్" అన్నాడు. పొయ్యి ఆపి నెంబరు తిప్పాను. మోహన్ పక్కమీంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అవ్వ వాడిని చూసింది. ఆ చూపులో మనిషి ఉందని అప్పుడే నాకు తెలిసింది. తర్వాత ఎవరెన్ని చెప్పినా ఆ చూపు నేను మరిచిపోలేదు.

ప్రాణానికి భయం లేదన్నారు. కానీ తెలుగు పోయింది. పొలాల్లో అందరితో మాట్లాడిన ఫిజీ హిందీ పోయింది. కొడుకు పేరు రాలేదు. వచ్చినవి ఆ నాలుగు మాటలే. నర్సు దిండు సర్దితే క్లాట్. సూది వేస్తే నిన్నీ. ఆ నర్సు మంచి మనిషే, మొదటిరోజు నవ్వింది. మూడోసారి, నాలుగోసారి నవ్వలేదు. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూసేవారు. నాయన సిగ్గుతో చచ్చిపోయేవాడు. "ఒకర్ని మాట అని ఎరగదు మా అమ్మ. చెప్పవే వాళ్ళకి, అవి తిట్లని ఆమెకు తెలీదని" అని నా భుజం నొక్కేవాడు. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చింది నాకే. నేను చెప్పేదాన్ని. వాళ్ళు తలూపేవారు. వార్డులో పనిచేసే ఒకాయన మంచి హిందీలో అడిగాడు, చెయ్యి ఎత్తు, కిటికీ చూపించు అని. అవ్వ ఆయన వంక చూసి కళ్ళు మూసుకుంది. ఆమెకు తెలిసిన హిందీ అది కాదు. ఆయన మర్యాదగా బయటికొచ్చి డాక్టరుతో, ఆమెకు ఏమీ అర్థం కావడం లేదనుకుంటా అన్నాడు.

ఆ మాట అక్కణ్ణుంచి నడుచుకుంటూ మా ఇంటిదాకా వచ్చింది. అర్థం చేసుకోలేని మనిషిని ఇంటికి పంపడం ప్రమాదం, పొయ్యి ఉంటుంది, మెట్లుంటాయి, పగలు చూసేవాళ్ళెవరు అని డాక్టరమ్మ అడిగింది. ఎప్పటికీ అక్కడే ఉంచి చూసుకునే చోట్లున్నాయంది. శుక్రవారం ఇంటివాళ్ళందరూ రండి, కూర్చుని తేలుద్దామంది. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరి నోటికీ అన్నం రుచి తెలియలేదు. అల్మారాలో పిండి లేదు. చిన్నాయన రోజూ సాయంత్రం వచ్చి వంటగదిలో బల్ల మీద మోచేతులు ఆనించి కూర్చునేవాడు. నాయనకు తమ్ముడు ఆయన, శాండ్రింగ్‌హామ్‌లో చిన్న డెయిరీ నడిపేవాడు, అంటే పాలూ రొట్టే పేపర్లూ అమ్మే వీధి కొట్టు.

"అన్నా, కోపం తెచ్చుకోకు. అమ్మకు మనం ఎవరమో కూడా తెలీడం లేదు. నువ్వు రాత్రంతా ఫ్యాక్టరీలో, వదిన పగలంతా. నా కొట్టు పొద్దున ఆరు నుంచి. ఎవరు చూస్తారు?"

"తెలీదని నువ్వెలా అంటావు?"

"నన్ను డఫర్ అందన్నా. కన్నకొడుకుని."

"నిన్ను చిన్నప్పట్నుంచీ డఫర్ అనే కదరా అంది" అన్నాడు నాయన. ఆ వారంలో ఆయన గొంతు పెరిగింది అప్పుడొక్కసారే. అమ్మ సింక్ దగ్గర మాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. నా కోపమంతా చిన్నాయన మీద. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

శుక్రవారం అవ్వ మంచం చుట్టూ కర్టెన్ లాగి కుర్చీలు వేశారు. డాక్టరమ్మ, నర్సు, నాయన, చిన్నాయన, అమ్మ, నేను. బడి మాన్పించి నన్ను తీసుకెళ్ళారు, మాటలు అటూ ఇటూ చేరవేయడానికి. అవ్వను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. తల దువ్వి ఎవరో పక్క పాపిట తీశారు. ఆమె జన్మలో పక్క పాపిట తీసుకోలేదు. డాక్టరమ్మ మెల్లగా, విడమరిచి చెబుతూ పోయింది. నేను తెలుగులో చెబుతున్నాను. ఎప్పటికీ ఉంచుకునే చోటు అన్నచోట తెలుగు చేయడం ఆపేశాను. "ఆమెకు అన్నీ అర్థమవుతాయి. నేను చూపిస్తాను" అని ఇంగ్లీషులో అనేశాను. నాయన నా వైపు ఆశగా చూశాడు. డాక్టరమ్మ సరేనంది.

మంచం దగ్గరికి వెళ్ళి, "అవ్వా, నా పేరు చెప్పు. పోనీ నన్ను ఏమని పిలుస్తావో చెప్పు" అన్నాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదు. "అవ్వా, కిటికీ ఎక్కడుంది, చూపించు." అవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది. అంతమంది ముందు మనవరాలు పరీక్ష పెడుతోందని ఆమెకు కష్టం కలిగిందని నాకు అర్థమైంది. కానీ అర్థమైందని ఎలా నిరూపించాలి? "అవ్వా, ఒక్క మాట, ఒక్కటి" అని బతిమాలాను. గోడవైపే చూస్తోంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. చిన్నాయన నేలచూపులు చూస్తూ, "చాల్లే అమ్మా, ఆమెను ఏడిపించకు" అన్నాడు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. అయిపోయింది అనుకున్నాను.

నర్సు అవ్వకు నీళ్ళు తాగించి, కప్పు తెచ్చి మంచం పక్క బల్ల మీద పెట్టింది. పని చేయని చేతి వైపు, అంచుకు. అవ్వ మెడ తిప్పి చూసి "క్లాట్" అంది.

నర్సు మొహం ఎర్రబడింది. నాయన క్షమించమని చెప్పడానికి లేవబోయాడు. అప్పుడు అమ్మ లేచింది. అప్పటిదాకా ఆమె ఆ గదిలో ఉన్నట్టే లేదు. ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్ళి ఆ కప్పును బల్ల మధ్యకు జరిపింది. అవ్వ గడ్డం కిందికీ పైకీ కదిలించింది. "కప్పు పడిపోతుందంటోంది. అంచున పెడితే ఆ మాట అంటుంది. చెప్పవే" అంది అమ్మ నాతో. చెప్పాను. డాక్టరమ్మ రాయడం ఆపింది. మిగతావి కూడా అలాంటివేనా అని అడిగింది. అమ్మ ఒక్కో మాటా చెప్పింది, నేను ఇంగ్లీషు చేశాను. సూది నొప్పికి కన్నీళ్ళొస్తే నిన్నీ, అది నర్సును కాదు, తన్ను తాను అనుకుంటోంది. మందు వేళ తప్పితే నింకంపూప్. నర్సు ఆలోచించి, నిజమే, నిన్న రాత్రి మాత్ర ఆలస్యమైంది అంది. గదిలో గాలి మారింది. నాయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుని, ఈసారి అవ్వనే చూస్తూ, ఇంటికి వెళ్తారా అని అడగమంది. అడిగాను. అవ్వ తొందరపడలేదు. ముందు నాయన్ని చూసింది, తర్వాత చిన్నాయన్ని. వాళ్ళను దాటి చూపు అమ్మ మీద ఆగింది. బాగున్న ఎడమచెయ్యి దుప్పటి మీంచి కొంచెం లేపి అమ్మ వైపు పెట్టి, "మగ్గిన్స్?" అంది.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నాయన మొహం చూస్తే ఆయనా వినలేదని తెలిసిపోయింది. అమ్మ విన్నది. కుట్టుపని నుంచి వచ్చి చెప్పులు విప్పి నేరుగా సింక్ ముందు నిలబడితే, పక్కన ఎవరూ లేనప్పుడు, అవ్వ అమ్మతో అనే మాటట అది. ఆ బంగళాలో దొర క్లబ్బుకు పోయి, వచ్చినవాళ్ళంతా తిని లేచిపోయాక, దొరసాని తన్ను తాను అనుకునేదట అలా. అందరూ చల్లగా తప్పుకుంటే పనంతా నెత్తిన వేసుకునే పిచ్చిదాన్ని అని. దొరసాని అవ్వకు నేర్పిన మాటల్లో అవ్వను అననిది అదొక్కటే. అత్తాకోడళ్ళిద్దరూ దాన్ని వంటగది దాటనివ్వలేదు. ఇదంతా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ క్షణంలో చూసింది మాత్రం, అమ్మ మంచం కమ్మీ పట్టుకోవడం, ఆమె వేళ్ళు తెల్లబడడం.

"ఊఁ. నేనే అత్తా. ఏం కాదులే" అంది అమ్మ.

"ఏమన్నది ఆమె?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను అమ్మ వైపు చూశాను.

"ఇంటికొస్తానంటోందని చెప్పు" అంది అమ్మ.

అలాగే చెప్పాను. తర్వాతి వారం అవ్వ ఇంటికొచ్చింది. చిన్నాయనే తన వ్యాన్‌లో తెచ్చి, మెట్ల మీద చేతుల్లో ఎత్తుకుని లోపలికి తీసుకొచ్చాడు. నాయన సంతోషంతో ఇల్లంతా తిరిగాడు. అందరం అమ్మను పొగిడాం. అమ్మ ఫ్యాక్టరీ మానేసింది. కుట్టే ఆడవాళ్ళకు పెద్దగా ఇంకెవరినో పెట్టుకున్నారు. నాయన నిద్ర లేచాక సాయంత్రాలు ఆఫీసులు తుడిచే పనికి వెళ్ళేది. పగలంతా అవ్వను లేపడం, కడగడం, తిప్పి పడుకోబెట్టడం. ఆ తర్వాత అమ్మ నడుము ఎప్పటికీ నిటారుగా నిలవలేదు. అవ్వకు తెలుగు చిన్న చిన్న ముక్కలుగా తిరిగొచ్చింది. మొదట నీళ్ళు, తర్వాత మోహన్ పేరు, తర్వాత చలి. తెలుగు వచ్చేకొద్దీ ఆ ఇంగ్లీషు వెనక్కి పోయింది. నేను బడి ముగించిన ఏడాది చలికాలంలో, అమ్మ చేతి గంజి తాగుతూ తాగుతూ అవ్వ పోయింది.

ఇప్పుడు అదే ఊళ్ళో ముసలివాళ్ళకు స్నానం చేయించడానికి ఇంటికే మనుషులొస్తారు. ఆసుపత్రిలో ఫోన్ తీసి అడిగితే అవతల తెలుగు మాట్లాడే గొంతు వినిపిస్తుంది. అమ్మ మంచాన పడినప్పుడు నేను ఉద్యోగం మానలేదు. పొద్దున ఒక సమోవా అమ్మాయి, సాయంత్రం ఒక కరీంనగర్ అమ్మాయి వచ్చేవారు. అమ్మకు ఆ కరీంనగర్ పిల్ల మాట తీరు ఎంతో నచ్చేది. మా తరం వాళ్ళం కలిసినప్పుడు ఆ రోజుల్లో ఇళ్ళు ఎలా ఉండేవి, పెద్దవాళ్ళను ఎలా చూసుకునేవారు అని మాట్లాడుకుంటాం. నేనూ అవ్వ కథ చెప్పేదాన్ని, ఇంటికి తెచ్చుకున్నాం అని. తెచ్చుకున్నాం అనే అనేదాన్ని. ఆ మాటలో ఎంతమంది ఉన్నారో, మోసింది ఎంతమందో ఆలోచించకుండా అనేదాన్ని.

అమ్మ పోవడానికి కొన్ని నెలల ముందు, ఒక మధ్యాహ్నం ఆమె కాళ్ళకు నూనె రాస్తూ అడిగాను. "అమ్మా, ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు వద్దని ఉంటే ఏమయ్యేది?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను వద్దనేదాన్నో కాదో ఎవరికి తెలుసు? మీ నాయన అడగలేదు. మీ చిన్నాయన అడగలేదు. డాక్టరు అడగలేదు. నువ్వూ అడగలేదు" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టే చెప్పింది.

రెండో కాలికి నూనె తీసుకున్నాను. ఆమే మళ్ళీ అంది. "మాట పడిపోయిన మనిషి, ఆమె అడిగింది. ఆ గదిలో నన్ను అడిగింది ఆమె ఒక్కతే. అందుకని సరే అన్నా."